ఆదర్శం గారి ఇంటావిడ

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఆదర్శం గారు అంటారు. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కిరాణా కొట్టతను వేళాకోళానికి తగిలించింది. "అదుగో, ఆదర్శం వస్తున్నాడు, కవర్లు కిందికి తొయ్యండి" అని కొట్లోవాళ్ళతో అనేవాడు. ఏడాది తిరిగేసరికి వేళాకోళం అరిగిపోయి దాని చోట 'గారు' వచ్చి కూర్చుంది. దాంతోపాటే ఆవిడకీ ఒక పేరు వచ్చింది, ఆదర్శం గారి ఇంటావిడ అని. అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆయన కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లోకం గురించి ఆయనకి పెద్దగా పట్టింపు లేదు. రిటైరైన సంవత్సరం ఒక వానకి వీధి కాలవ పొంగి ముందు గదిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. వాన వెలిశాక ఆయన ఒక కర్ర తీసుకుని కాలవ పొడిచాడు. కట్టలు కట్టలుగా ప్లాస్టిక్ కవర్లు బయటపడ్డాయి. అందులో సగం తమ ఇంటివే. పాల ప్యాకెట్లు, చక్కెర సంచులు, ఆయన మందులు కొనే షాపు పేరున్న తెల్ల కవర్లు. చాలాసేపు ఆ బురదలో అలాగే నిలబడిపోయాడు. "మన ఇంటిని మనమే ముంచుకున్నామోయ్" అన్నాడు లోపలికొచ్చి. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అది ఆవిడ చూసింది. అందుకే ఆ తర్వాత ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేకపోయింది.

ఆనాటినుంచి ఇంట్లోకి కవరు రాలేదు. నూనెకి స్టీలు క్యాను, పప్పులకి గుడ్డ సంచులు. స్నానం చేసిన నీళ్ళు మురుగులో పోకూడదు, తొట్టిలో పట్టి డాబా మీది మొక్కలకి పొయ్యాలి. కూరగాయల తొక్కులు బయటికి పోకూడదు, పెరట్లో కుండల్లో వేసి ఎరువు చెయ్యాలి. ఇంట్లో ఉన్న వాషింగ్ మిషన్ నీళ్ళూ కరెంటూ తాగేస్తోందని దాన్ని ఒక హాస్టలుకి ఇచ్చేశాడు. ఇచ్చిన రోజు చిన్న సభ పెట్టారు. చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా కొట్టింది.

నిర్ణయాలన్నీ ఆయనవి. నూనె క్యాను జిడ్డు వదిలించేది ఆవిడ. తొట్టి నీళ్ళు బకెట్లతో డాబా మెట్లెక్కించేది ఆవిడ. ఎరువు కుండల్లో పురుగు పడితే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కలియబెట్టేది ఆవిడ. పెరట్లో సిమెంటు దిమ్మ మీద దుప్పట్లు బాది, పిండి, ఆరేసేదీ ఆవిడే. ఆయన ఖాళీగా కూర్చునే మనిషి కాదు, అదీ నిజమే. పేపర్లో చెట్ల గురించో చెరువుల గురించో వస్తే ఎర్ర పెన్నుతో గీతలు గీసుకునేవాడు. పక్క వీధులకి వెళ్ళి మాట్లాడేవాడు. అర్జీలు పెట్టేవాడు. కాలవ బాగు చేయించింది ఆయనే.

ఒక్కోసారి బకెట్టు మెట్టు మీద దింపి ఊపిరి పీల్చుకుంటూ ఆవిడ అనుకునేది, ఈయన చెప్పేది తప్పయితే ఎంత బాగుండేది అని. తప్పయితే దెబ్బలాడొచ్చు. తాగొచ్చే మొగుడి గురించీ, చెయ్యెత్తే మొగుడి గురించీ పదిమందికీ చెప్పుకోవచ్చు. మంచివాడైన మొగుడి గురించి ఎవరికి చెప్పుకుంటారు? పక్కింటి టైలరమ్మతో ఒకసారి నోరు జారింది కూడా. "మీకేం తక్కువమ్మా, మా ఆయన తాగి పారేసే సీసాలు ఏరలేక నేను చస్తున్నాను. మీవారు దేవుడు" అని టైలరమ్మ మిషన్ తొక్కుకుంటూ ఉండిపోయింది. దేవుడితో కాపరం ఎలా ఉంటుందో టైలరమ్మకేం తెలుసు.

అలా ఉండగా కూతురు వచ్చింది, నెలల పిల్లని ఎత్తుకుని. వాళ్ళుండే ఫ్లాటులో గోడల్లోని పైపులన్నీ మారుస్తున్నారు. ఆ దుమ్ములో పసిపిల్లని పెట్టుకోవడమెలాగని అల్లుడే తెచ్చి దింపి వెళ్ళాడు. మనవరాలిని చూసి ఆదర్శం గారు చిన్నపిల్లాడైపోయాడు. ఎత్తుకున్నాడు, పాడాడు, ముక్కుతో ముక్కు రాశాడు. అంతలో కూతురి పెట్టె పక్కనున్న పెద్ద డైపర్ల ప్యాకెట్టు ఆయన కంట పడింది.

"ఇవెందుకమ్మా?" అన్నాడు, గొంతు పెంచకుండానే.

"ఎందుకేమిటి నాన్నా, చిట్టికి."

"ఇవి మట్టిలో కలవవమ్మా. నీ కూతురు ముసలిదై పోయినా ఇవి అలాగే పడుంటాయి. గుడ్డలున్నాయిగా. నిన్ను గుడ్డల్లోనే పెంచాం."

"పెంచింది అమ్మ" అంది కూతురు.

ఆయనకి ఆ మాట తగల్లేదు. "అదేగా నేను చెప్పేది, మీ అమ్మకి అలవాటే" అన్నాడు.

కూతురు ముఖం ఎర్రబడింది. పెట్టె మళ్ళీ సర్దేలా ఉంది. ఎన్నాళ్ళకో ఇంట్లో పసిపిల్ల నవ్వు వినబడుతోంది, అది గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతుందేమోనని ఆవిడ భయపడింది. "ఎందుకొచ్చిన గొడవ. నేను ఉతుకుతాలే" అంది.

ఆవిడ పాత చీరలు చింపి గుడ్డలు కుట్టింది. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు. చిట్టి బంగారు తల్లే, కాకపోతే గుడ్డ మార్చగానే తడపడం తన ధర్మమని నమ్మిన పిల్ల. ఆవిడ నవ్వుకుంటూనే ఉతికింది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి ఉతికింది. బొటనవేలి మొదట్లో మొదలైన నొప్పి మణికట్టులోకి పాకింది. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. డాక్టరు చూసి చేతికి పట్టీ కట్టాడు. "ఈ చేత్తో ఏదీ పిండకండి. పిండారంటే ఇది ఇంకా ముదురుతుంది" అన్నాడు.

ఆదర్శం గారు నిజంగానే బాధపడ్డాడు. సాయంత్రం పక్కన కూర్చుని చేతికి కాపడం పెట్టాడు. "పని తగ్గించుకోవోయ్, ఈ వయసులో ఇంత శ్రమ పనికిరాదు" అన్నాడు. ఏ పని తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆవిడా అడగలేదు. అడిగితే ఆయన ఆలోచిస్తాడు, ఆలోచించి ఏదో ఒక పద్ధతి చెబుతాడు, ఆ పద్ధతికి మళ్ళీ ఒక బకెట్టు కావాల్సొస్తుంది.

దానికి తోడు ముసురు పట్టింది. ఉతికిన గుడ్డలు ఆరవు. వంటింట్లో తాడు, నడవలో తాడు, కుర్చీల వీపుల మీద, కిటికీ చువ్వల మీద, ఎక్కడ చూసినా తడిగుడ్డలే. ఇల్లంతా చెమ్మ వాసన. మనుషులు తలలు వంచి వాటి కింద నుంచి నడుస్తున్నారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేసరికి నాలుగు గుడ్డలు చెంపకి తగిలేవి. పొయ్యి దగ్గర నిలబడి ఆవిడకి ఊపిరాడనట్టు అనిపించేది. తలుపు తీద్దామంటే జల్లు, మూద్దామంటే ఉక్క.

కూతురు ఊరుకోలేకపోయింది. తండ్రి బయటికి వెళ్ళాక ప్యాకెట్టు తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది. "నాన్నకి తెలియక్కర్లేదు. నువ్వు ఆ చేత్తో ఉతుకుతుంటే నేను చూడలేను. నేను ఉతుకుతానంటే బాలింత ఒళ్ళు అంటావు."

ఆవిడ ఒప్పుకుంది. రాత్రి పూటకి మాత్రమే అని తనకి తాను చెప్పుకుంది.

డైపరు తొడగడం తేలికే. పారెయ్యడమే కష్టం. ఆ ఇంటి చెత్తబుట్ట ఇంటాయన స్వయంగా తనిఖీ చేసే బుట్ట. తొక్కులు వేరు, కాగితాలు వేరు. మూడో రకం చెత్త అంటూ ఆ ఇంట్లో లేదు. అందుకని ఆవిడ వాడినవాటిని ఆయన చదివేసిన పేపర్లో చుట్టి, గుడ్డ సంచి అడుగున పెట్టి, కూరగాయలకని బయల్దేరి, రెండు వీధుల అవతల పార్కు మూల ఉన్న చెత్త తొట్టిలో పడేసి వచ్చేది. ఆ నడకలో ఎదురైనవాళ్ళందరూ సంచివైపే చూస్తున్నట్టుండేది. "ఆ గుడ్డ సంచిని ఎంత అపురూపంగా పట్టుకుంటారమ్మా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు" అంది టైలరమ్మ ఒకరోజు. ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. జీవితంలో ఎవరి ఇంట ఆవగింజ ముట్టని మనిషి, దొంగలా సందులు తిరుగుతోంది.

ఒక పొద్దున్న ఆవిడ వెళ్ళేసరికి తొట్టి దగ్గర చెత్తబండి ఆగి ఉంది. బండి తోసే మనిషి, ఇంచుమించు తన ఈడుదే, తొట్టిలోకి నడుం దాకా వంగి చెత్త వేరు చేస్తోంది. ఒక చేతికి తొడుగు ఉంది. రెండో చేతి తొడుగు వేళ్ళ దగ్గర చిరిగి, వేళ్ళు బయటికి వచ్చాయి. పొందిగ్గా చుట్టిన పేపరు పొట్లం ఒకటి ఆమె చేతికి తగిలింది. అంత శ్రద్ధగా చుట్టారంటే లోపల ఏదో పనికొచ్చేది ఉంటుందనుకుందేమో, విప్పింది. లోపలిది వేళ్ళకి అంటింది. ఆమె ముఖం చిట్లించలేదు, ఛీ అనలేదు. బండి అంచుకి వేళ్ళు తుడుచుకుని, పేపరు కాగితాల గోతంలోకీ, మిగతాది వేరే గోతంలోకీ వేసింది. పేపరు మీద ఎర్ర పెన్ను గీతలున్నాయి.

ఆవిడ సంచి చంకలో బిగించి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఏమ్మా, ఏవన్నా పడేసుకున్నారా?" అంది బండి మనిషి.

"లేదు."

"అట్లా చూస్తన్నారేంటి మరి? ఇవి మీవా?"

"కావు" అంది ఆవిడ. నోట్లోంచి ఆ మాట ఎలా ఊడిపడిందో ఆవిడకే తెలియలేదు.

"ఎవరివైతేనేంలే. పిల్లలు అందరిళ్ళలోనూ ఉంటారుగా" అని ఆమె మళ్ళీ తొట్టిలోకి వంగింది.

ఆ రోజు పొట్లం తొట్టిలో పడలేదు. సంచితో అలాగే వెనక్కి తిరిగింది. ఉతికితే చెయ్యి పోతుంది, పారేస్తే ఇంకొకామె చెయ్యి పాడవుతుంది. ఇన్నాళ్ళూ తన నొప్పి ఒక్కటే అనుకుంది. ఆ నొప్పిని తీసి దారిన పోయే ఇంకొకరి మీద పెట్టిందన్నమాట. పైగా కాదని అబద్ధం ఒకటి. కూరగాయలు కొనడం మర్చిపోయి ఇల్లు చేరింది.

గేటు దగ్గర చెప్పుల గుంపు కనబడింది. ఆ రోజు మహిళా సంఘం వాళ్ళూ, కాలేజీ పిల్లలూ ఆదర్శం గారి ఇల్లు చూడటానికి వస్తారన్న సంగతి ఆవిడ తలలోంచి పూర్తిగా ఎగిరిపోయింది. ఆయన పెరట్లో ఎరువు కుండ మూత తీసి చూపిస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆవిడని చూడగానే ఇంకా వెలిగింది.

"ఇదుగో, సమయానికి వచ్చింది. చూశారా ఆ సంచి? కాలవ పొంగిన ఏడాది కుట్టించింది. ఇప్పటికీ అదే. ఏదీ, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు.

"వద్దండీ" అంది ఆవిడ, సంచి వెనక్కి లాక్కుంటూ.

"ఫరవాలేదు, ఇవ్వవోయ్. కూరలేగా, చూడనీ."

ఆయన సంచి అంచు పట్టుకున్నాడు. ఆవిడ రెండో అంచు వదల్లేదు. పదిమంది ముందు మొగుడూ పెళ్ళాం సంచి లాక్కోవడం చూసి ఒక కుర్రది కిసుక్కుమంది. పట్టీ కట్టిన చేతిలో నరం మెలిపడ్డట్టయింది ఆవిడకి.

"అందులో మీ మనవరాలి డైపర్లున్నాయి" అంది.

ఆయన చెయ్యి దానంతటదే వదిలేసింది.

సంఘం పెద్దావిడ గొంతు సవరించుకుని, "అంటే గుడ్డలు వాడటం కుదరదంటారా?" అని అడిగింది, నిజంగా తెలుసుకుందామనే.

"కుదురుతుందమ్మా. ఆయన చెప్పేవన్నీ కుదురుతాయి. చేతులుంటే చాలు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక ఆయన వంటింట్లోకి వచ్చాడు. తడిగుడ్డ ఒకటి ఆయన తలకి తగిలింది, పక్కకి తోసుకున్నాడు. "నాతో ఒక్క మాట చెప్పకూడదూ? నలుగురిలో తలెత్తుకోకుండా చేశావు" అన్నాడు. కోపం కన్నా దెబ్బతిన్న గొంతు.

"ఏం చెప్పను? మీరు చెప్పేది తప్పు కాదు. అవి పారెయ్యకూడదు. ఎక్కడికి పోతాయో ఇవాళ కళ్ళారా చూశాను. కానీ ఈ ఇంట్లో ఉన్న చేతులు నా ఒక్కదానివేనా?"

ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆవిడ లేచేసరికి పెరట్లో బకెట్టు చప్పుడవుతోంది. ఆదర్శం గారు పంచె పైకి కట్టి, దిమ్మ ముందు కూర్చుని చిట్టి గుడ్డలు ఉతుకుతున్నాడు. సబ్బు ఎక్కువ, బాదడం తక్కువ. అయినా ఉతుకుతున్నాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని చూసింది. కళ్ళు చెమర్చాయి. మనిషి మంచివాడే అనుకుంది మళ్ళీ.

గోడ మీదుగా టైలరమ్మ చూసింది. టైలరమ్మ చూసిందంటే వీధి చూసినట్టే. మధ్యాహ్నానికి కిరాణా కొట్టతను వచ్చి దణ్ణం పెట్టాడు. "మనవరాలి గుడ్డలు మీరే ఉతుకుతున్నారట కదండీ! ఏ మగాడు చేస్తాడండీ ఈ కాలంలో!" సంఘం వాళ్ళు కెమెరాతో మళ్ళీ వచ్చారు. బకెట్టుతో ఒకటి, దిమ్మ దగ్గర ఒకటి, గుడ్డ ఆరేస్తూ ఒకటి ఫొటోలు తీసుకున్నారు. ఆరేసే ఫొటోలో వెనకాల తాడు పట్టుకుని నిలబడిన ఆవిడ మోచెయ్యి పడింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఇన్నేళ్ళ ఉతుకుడు ఎవరికీ కనబడలేదు. ఆయన నాలుగు గుడ్డలు పిండేసరికి ఊరంతా చప్పట్లు. ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ ఫొటోలు చూసి వేరే పేటలవాళ్ళు ఆయన్ని మాట్లాడమని పిలిచారు. 'ఇంటి పనిలో మగవారి బాధ్యత' అన్న విషయం మీద. పొద్దున్నే వెళ్ళాలి. మొదటి రోజు గుడ్డలు నానబెట్టి వెళ్ళాడు, వచ్చి ఉతుకుతానని. ముసురులో నానిన గుడ్డలు వాసనేస్తాయి. ఆవిడే కూర్చుంది. మూడో పిలుపుకి నానబెట్టడం కూడా మర్చిపోయాడు.

కూతురు ఇక ఉండలేనంది. పైపుల పని ఇంకా అవలేదు. అయినా ఒక గది శుభ్రం చేశారట, సర్దుకుంటామంది. పెట్టె మూసి, చిట్టిని భుజాన వేసుకుని, తల్లి ఎదుట నిలబడింది.

"అమ్మా, నువ్వు కూడా రా. నాలుగు నెలలుండు. చెయ్యి బాగవుతుంది."

"మీ నాన్న?"

"వండుకుంటాడు. ఉపన్యాసాలివ్వడం వచ్చినవాడికి వంట రాదా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. నాలుగు చీరలు సర్దుకోవడం ఎంతసేపు? కానీ మొక్కలకి నీళ్ళెవరు మోస్తారు? ఎండిపోతే మళ్ళీ తనకే ప్రాణం ఉసూరుమంటుంది, అవి తన చేతుల్లో పెరిగినవి. కుండలు కలియబెట్టకపోతే వీధంతా కంపు. ఆయనకి కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. ఇవన్నీ ఒక ఎత్తు. అక్కడ కూతురింట్లో మిషనుంది, డైపర్లున్నాయి, వాకిట్లో చెత్తబండి ఉంది. ఆ బండినీ ఎవరో ఒకామె తోస్తూనే ఉంటుంది. ఇక్కడ చెయ్యి నొస్తుంది, అక్కడ మనసు నొస్తుంది. అడకత్తెరలో పోకచెక్క ఏ పక్కకి జరిగితే మాత్రం ఏం లాభం?

"వచ్చే నెలలో చూద్దాంలే" అంది. కూతురు పెట్టె అందుకుని ఆటో ఎక్కింది. చిట్టి నోట్లో గుప్పిట పెట్టుకుని అమ్మమ్మవైపే చూస్తూ వెళ్ళింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి తాళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. నడవలో నిటారుగా నడవగలగడం ఆయనకి వింతగా తోచింది. "వెళ్ళిపోయారా?" అని కుర్చీలో కూలబడ్డాడు. ఖాళీ తాళ్ళవైపు చూసి, "మిషన్ ఒకటి తెచ్చుకుందామా?" అన్నాడు.

ఆవిడ తలెత్తింది.

"నీకు కావాలంటేనే. నాకేం అభ్యంతరం లేదు. అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాను, మా ఆవిడకి చేతకావడం లేదని."

ఆయన ఎత్తిపొడవలేదు. అమాయకంగానే అన్నాడు. అదే ఆవిడని కట్టేసింది. మిషన్ వస్తే అది తన పేరు మీద వస్తుంది. ఈ వీధిలో తన పేరు మీద వచ్చే మొట్టమొదటి వస్తువు అదే అవుతుంది. ఆదర్శం గారు ఓడిపోయింది పెళ్ళాం చేతుల వల్ల అని కిరాణా కొట్లో చెప్పుకుంటారు.

"వద్దులెండి" అంది. అన్నాక తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపం మీద గిన్నెలు నాలుగు గట్టిగా తోమింది.

పార్కు మూల వీధిలోంచి ఆవిడ ఇప్పుడు వెళ్ళదు. మార్కెట్టుకి అదే దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి వెళుతుంది. 'అవి మావే' అని ఆ బండి మనిషికి చెప్పాలని ఎన్నోసార్లు బయల్దేరి, మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

ఒక మార్పు మాత్రం వచ్చింది. దుప్పట్లు ఉతికిన రోజు ఆవిడ తడి దుప్పటి ఒక కొస తీసుకెళ్ళి, పేపరు చదువుకుంటున్న ఆయన చేతిలో పెడుతుంది. ఆయన ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని లేస్తాడు. పెరట్లో ఇద్దరూ చెరో కొస పట్టుకుని పిండుతారు. మొదట్లో ఆవిడ ఎటు తిప్పితే ఆయనా అటే తిప్పేవాడు. దుప్పటి గుండ్రంగా తిరిగేది తప్ప చుక్క నీరు కారేది కాదు. "అటు కాదండీ, ఇటు, నాకు ఎదురు తిప్పాలి" అని చెప్పగా చెప్పగా పట్టుబడింది.

దిమ్మ మీద బాదడం ఇప్పటికీ ఆవిడ పనే.